మూడో రాడ్డు

మొదటి వారం నుంచీ ఈ కథ వెంట నడుస్తున్నవాళ్లు పోయినసారి కంట్రోల్ రూము తలుపు దగ్గర ఆగిపోయారు. ఈ వారమే వచ్చి కూర్చున్నవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఊరవతల ఎత్తైన కాంక్రీటు కట్టడంలో, లోతైన నీళ్ల తొట్టె అడుగున ఒక చిన్న అణు రియాక్టరు ఉంది. అది కరెంటు పుట్టించదు. క్యాన్సరు ఎముకల్లోకి పాకిందో లేదో డాక్టర్లు చూసుకునే మందుకి ముడిసరుకు తయారుచేస్తుంది. రెండేళ్ల కిందట భద్రతా సంస్థ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు, మూడో కంట్రోల్ రాడ్డు పడాల్సినంత వేగంగా పడటం లేదని తేల్చి దాన్ని మూయించింది. ఆ దెబ్బకి అప్పటి చీఫ్ ఉద్యోగం వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలోకి వచ్చింది ఆయన భార్యే. మూయించిన ఇన్‌స్పెక్టరు ఆయన సొంత చెల్లెలు. ఆ రోజు నుంచి చెల్లెలు అన్నగారి గడప తొక్కలేదు, వీళ్లూ రమ్మనలేదు. మరమ్మతులు పూర్తయి, రియాక్టరును మళ్లీ లేపే రోజు రానే వచ్చింది. సాక్షిగా భద్రతా సంస్థ వేరే ఎవరినైనా పంపుతుందనుకుంటే, ఆ రియాక్టరు గురించి తెలిసిన రెండో ఇన్‌స్పెక్టరు మంచం మీద ఉన్నాడట. తలుపు తోసుకుని లోపలికి వచ్చింది ఆడపడుచే.

"నమస్తే మేడమ్," అంది ఇన్‌స్పెక్టరు.

"నమస్తే," అంది చీఫ్. "కుర్చీ అక్కడ వేయించాను. అక్కణ్ణుంచి రెండు ప్యానెళ్లూ కనిపిస్తాయి."

అంతే. ఒకప్పుడు ఒకే దుప్పటి కప్పుకుని తెల్లవార్లూ కబుర్లు చెప్పుకున్న వదినా ఆడపడుచులు, ఇద్దరూ మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని, బ్యాంకులో కౌంటరుకి ఇటొకరూ అటొకరూ ఉన్నట్టు మాట్లాడుకున్నారు. ఇన్‌స్పెక్టరు వెనక కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆమె చూపు తన వీపు మీద ఆనినట్టే అనిపించింది చీఫ్‌కి. ఎండాకాలం కిటికీ పక్కన కూర్చుంటే ఒక భుజం మాత్రం కాలుతుందే, అలా.

కంట్రోల్ రూములో ఇంకా ముగ్గురున్నారు. ప్యానెల్ ముందు ఆపరేటరు. పాతికేళ్ల అనుభవం; అంకెలు తప్ప మాట్లాడడు కాబట్టి అందరూ మౌని అంటారు. కిటికీ దగ్గర డైరెక్టరు గారు, కొత్త చొక్కా మడతలు ఇంకా విప్పుకోక ఇబ్బంది పడుతూ. కింద హాల్లో అతిథులు కూర్చుని ఉన్నారు. రియాక్టరు లేచిందన్న మాట వాళ్ల చెవిన వేసే భాగ్యం తనదేనని ఆయన ముందే చెప్పి పెట్టుకున్నారు. మూడో మనిషి క్యాన్సరు ఆసుపత్రి డాక్టరు. మందు కోసం రెండేళ్లుగా పరాయి దేశాలకి ఫోన్లు చేసి చేసి గొంతు అరిగిపోయిన మనిషి. ఆ మందు దాచుకునే వస్తువు కాదు. పుట్టిన క్షణం నుంచీ తరిగిపోతూ ఉంటుంది. మూడు రోజులు తిరక్కుండానే సగం మాయమవుతుంది. విమానం ఆలస్యమైందంటే ఆయనకి చేరేది ఖాళీ సీసా కింద లెక్క.

"మొదలుపెడదామా?" అన్నారు డైరెక్టరు.

"నిదానం," అంది చీఫ్.

ఆ మాట ఆమె నోట ఎంతగా నానిందంటే, వెనకాల అందరూ ఆమెని నిదానం మేడమ్ అనే పిలుస్తారు. ఆమెకీ తెలుసు. కోపం లేదు.

రాడ్లు నాలుగూ ఇంధనం మధ్యకి పూర్తిగా దిగి ఉన్నాయి. వాటిని కొంచెం కొంచెంగా, నాలుగింటినీ సమానంగా పైకి లేపాలి. లేపిన ప్రతిసారీ ఆగాలి. తొట్టెకి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి అమర్చిన కౌంటర్లు ఎన్ని న్యూట్రాన్లు వస్తున్నాయో లెక్కపెడతాయి. లెక్క నిలకడకి వచ్చాక గ్రాఫు మీద చుక్క పెట్టాలి. ఈ గ్రాఫు తలకిందులుగా గీస్తారు కాబట్టి, లెక్క పెరిగేకొద్దీ చుక్క కిందికి దిగుతుంది. చుక్కలన్నీ కలుపుతూ పోతే గీత ఎక్కడ నేలని తాకుతుందో, అక్కడ రియాక్టరు లేచినట్టు.

"లేపు," అంది చీఫ్.

"అయిదు," అన్నాడు మౌని. రాడ్లు అయిదు సెంటీమీటర్లు పైకి వచ్చాయని.

స్పీకరులోంచి టిక్కుమంటూ అక్కడొకటి ఇక్కడొకటి వినిపిస్తున్న చప్పుడు కాస్త దగ్గరపడింది. పెంకుల మీద వాన మొదలైనట్టుంది.

డాక్టరుకి ఊరుకోబుద్ధి కాలేదు. "మేడమ్, నాకు ఒక్కటి చెప్పండి. ఇందాక మీవాళ్లు మధ్యాహ్నానికల్లా రియాక్టరు క్రిటికల్ అవుతుందని సంబరపడుతున్నారు. మా దగ్గర క్రిటికల్ అన్నామంటే బంధువుల్ని పిలిపించుకోమని అర్థం."

గదిలో మొదటిసారి నవ్వు వినిపించింది. చీఫ్ కూడా నవ్వింది. లెక్క నిలకడకి రావడానికి ఎలాగూ ఆగాలి. ఆమె గ్రాఫు మీంచి చూపు మరల్చకుండానే చెప్పింది.

"మా దగ్గర క్రిటికల్ అంటే తన కాళ్ల మీద తను నిలబడిందని అర్థం డాక్టరుగారూ. యురేనియం అణువు ఒకటి పగిలిందనుకోండి, అందులోంచి రెండో మూడో న్యూట్రాన్లు బయటికి ఉరుకుతాయి. వాటిలో సరిగ్గా ఒక్కటి వెళ్లి ఇంకో అణువుని పగలగొడితే చాలు, పొయ్యి నిలకడగా వెలుగుతుంది. ఒక్కటి కూడా మిగలకపోతే ఆరిపోతుంది. ఒకటికి మించితే మంట పెరుగుతుంది. ఆ రాడ్లు ఉన్నాయే, ఎక్కువైనవాటిని మింగడమే వాటి పని. పైకి లాగితే తక్కువ తింటాయి, కిందికి దింపితే ఎక్కువ తింటాయి."

"మరి నీళ్లెందుకు?"

"పుట్టినప్పుడు న్యూట్రాను యమా జోరుమీద ఉంటుంది. ఆ జోరులో అణువు పక్కనుంచే పోతుంది కానీ చిక్కదు. నీళ్లలో పడి అటూ ఇటూ తగిలి నెమ్మదించాకే చిక్కుతుంది. ఇంధనం మరీ వేడెక్కి నీళ్లు పలచబడ్డాయనుకోండి, నెమ్మదించేవి తగ్గిపోయి పొయ్యి దానంతటదే మందగిస్తుంది. ఈ రియాక్టరుని కట్టినవాళ్లు ఆ గుణం దాని పుట్టుకలోనే పెట్టారు."

"పది," అన్నాడు మౌని.

"ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది కదా," అన్నాడు డాక్టరు. ఇప్పుడాయన గొంతులో హాస్యం లేదు. "ఒకటికి మించితే పెరుగుతుందంటున్నారు. మనిషి చెయ్యి అంత వేగంగా కదులుతుందా?"

"కదలదు. మంచి ప్రశ్న." చీఫ్ చుక్క పెట్టి, కలం మూత బిగించింది. "కానీ న్యూట్రాన్లన్నీ వెంటనే రావు. నూటికి ఒకటి కూడా ఉండవు, కొన్ని మాత్రం ఆలస్యంగా వస్తాయి. పగిలిన ముక్కల్లో దాక్కుని, కొన్ని సెకన్లు ఆగి, కొన్ని నిమిషం ఆగి, తీరిగ్గా బయటికొస్తాయి. ఆ ఆలస్యంగా వచ్చేవి కూడా చేరితేగానీ లెక్క ఒకటికి సరిపోకుండా మేం రియాక్టరుని నడుపుతాం. అంటే అవి వచ్చేదాకా ఎంత తొందరున్నా ఇది ముందుకి కదల్లేదు. మనకి దొరికే వ్యవధి అంతా వాటి పుణ్యమే."

డాక్టరు మొహం విప్పారింది. "అర్థమైంది. మా అబ్బాయీ ఇలాగే. ఇంటిల్లిపాదీ తయారై కార్లో కూర్చున్నా, వాడు చెప్పులేసుకుని వస్తేగానీ బండి కదలదు. ఇన్నాళ్లూ ఊరికే తిట్టాను."

వెనక కుర్చీలోంచి పొట్టిగా నవ్వు ఒకటి వచ్చి, వచ్చినంత వేగంగా ఆగిపోయింది. ఆ నవ్వు చీఫ్‌కి బాగా తెలుసు. తిరిగి చూడాలనిపించింది. చూడలేదు.

పదిహేను. ఇరవై. వాన చినుకులు జోరందుకున్నాయి. ముందే లెక్కకట్టి గ్రాఫు మీద పెన్సిలుతో గీసుకున్న దారి ఉంది. రియాక్టరు ఆ దారినే నడవాలి. ఎడమ కౌంటరు చుక్కలు ఆ దారి పక్కనే పడుతున్నాయి. కుడి కౌంటరువి మొదట దాని మీదే పడ్డాయి. ఇరవై దగ్గర కాస్త కిందికి జారింది. పెన్సిలు మందం తేడా.

ఇరవై అయిదు దగ్గర తేడా వేలెడంత అయింది.

ముప్ఫై దగ్గర ఆమె చుక్క పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎడమవైపు గీత కూడా కొంచెం లోపలికి వంగింది. కుడివైపుదైతే దారి వదిలేసి, తొందరపని ఉన్నవాడు అడ్డదారి తొక్కినట్టు కిందికి దిగిపోతోంది. ఈ లెక్కన రియాక్టరు అనుకున్నదానికంటే చాలా ముందే లేస్తుంది. ఎందుకు లేస్తుందో ఈ గదిలో ఎవరికీ తెలియదు.

"కౌంటరు ఏమైనా తేడా చేసిందేమో," అన్నారు డైరెక్టరు భుజం మీంచి తొంగిచూస్తూ. "కొత్తది కదా. ఇంకొక్క మెట్టు చూద్దామా? ఇంకా దూరముంది. ఇన్‌స్పెక్టరు గారు కూడా అభ్యంతరం చెప్పలేదు."

దూరం ఉన్న మాట నిజమే. ఇంకో అయిదు సెంటీమీటర్లు లేపినా ప్రమాదం ఏమీ రాదు. దారి తప్పినా సరే, తనంతట తానే రాడ్లు వదిలేసే ఏర్పాట్లు మూడు పొరలున్నాయి. అది చీఫ్‌కి ఆయనకంటే బాగా తెలుసు. తెలియనిది ఒక్కటే, గీత ఎందుకు వంగిందన్నది.

ఆమె కుర్చీ తిప్పి ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. రెండేళ్లలో మొదటిసారి ఆ మొహాన్ని సూటిగా చూడటం. చెవి పక్కన ఒక పాయ తెల్లబడింది.

"మీరేమంటారు ఇన్‌స్పెక్టరు గారూ?"

"నేను చూడ్డానికి వచ్చాను మేడమ్. చెప్పడానికి కాదు."

చీఫ్‌కి ఒళ్లు మండింది. అప్పుడూ ఇంతే. చూస్తూ కూర్చుంది, వెళ్లింది, మూయించింది. ఇప్పుడూ అదే వరసన్నమాట. లేపితే లేపినందుకు, ఆపితే ఆపినందుకు.

కోపం కోపమే, పని పనే. ఆమె మళ్లీ ప్యానెల్ వైపు తిరిగింది.

"రాడ్లు వదిలెయ్," అంది.

మౌని రెండోసారి అడగలేదు. ఎర్ర బొత్తాం నొక్కాడు. రాడ్లని పట్టుకుని ఉన్న అయస్కాంతాలకి కరెంటు పోయింది. నాలుగు రాడ్లూ వాటి బరువుకి అవే నీళ్లలోకి జారాయి. కింద ఎక్కడో మెత్తని చప్పుడు. ప్యానెల్ మీద నాలుగు పచ్చ దీపాలు వెలిగాయి. వాన వెలిసి, చూరు నుంచి ఆఖరి చుక్కలు పడుతున్నట్టు టిక్కు, టిక్కు.

డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కింద వాళ్లకేం చెప్పమంటారు?"

"అర్థంకానిది ఒకటి కనిపించింది, అందుకని ఆపామని చెప్పండి సార్," అంది చీఫ్. "అలాగే చెప్పండి."

ఆయన ఒక్క క్షణం ఆమెని చూసి, తల ఊపి, డాక్టరుని వెంటబెట్టుకుని మెట్లు దిగారు. అప్పుడు మౌని, అడగకుండానే, రాడ్లు ఎంత వేగంగా పడ్డాయో నమోదు చేసే తెర మీద వేలు పెట్టాడు.

"మూడోది," అన్నాడు.

ఒకటి, రెండు, నాలుగు ఒకేసారి అడుగుకి చేరాయి. మూడోది వాటికంటే ఆలస్యంగా చేరింది. కంటికి కనిపించేంత కాదు. సెకనులో కొన్ని వందోవంతులు. రెండేళ్ల కిందట ఈ రియాక్టరుని పడుకోబెట్టిన జబ్బు కూడా సరిగ్గా అదే.

చీఫ్ మెల్లగా లేచి, పక్కనున్న చిన్న గదిలోకి వెళ్లింది. పాత కుర్చీలు, టీ కాచుకునే కెటిలు, చేతులు కడుక్కునే పంపు ఉన్న గది. పంపు తిప్పి మొహం మీద నీళ్లు కొట్టుకుంది. వెనక తలుపు మూసుకున్న చప్పుడైంది.

"వదినా," అంది ఇన్‌స్పెక్టరు.

"ఇక్కడ వదినలెవరూ లేరు." చీఫ్ తుండుతో మొహం తుడుచుకుంటూనే అంది. "రాసుకోండి. మూడో రాడ్డు మళ్లీ ఆలస్యంగా పడింది. మళ్లీ రెండేళ్లు మూయించండి. అప్పుడు మీ అన్నయ్య బయటికి పోయారు, ఇప్పుడు నేను పోతాను. మీ చేతికి మా ఇల్లు బాగా అచ్చొచ్చింది."

"నన్నెన్నైనా అను. ముందు ఒక్కటి చెప్పనీ."

"అప్పుడెందుకు చెప్పలేదు? నీకు అన్నం పెట్టిన చెయ్యి కదా నాది, ఒక్క ఫోను చేసి 'వదినా, ఇలా రాయబోతున్నాను' అనడానికి నోరు రాలేదా నీకు? ఆయన ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అలా కూర్చుండిపోయారు. ఏమైందండీ అంటే, చెల్లి వచ్చి చూసి వెళ్లింది అన్నారు. అంతే. ఇంకొక్క మాట మాట్లాడలేదు."

"మాట్లాడకూడదని మేమిద్దరం మాటిచ్చుకున్నాం కాబట్టి."

చీఫ్ చేతిలో తుండు ఆగింది.

ఇన్‌స్పెక్టరు ఒక విరిగిన కుర్చీ లాక్కుని దాని అంచున కూర్చుంది. "రాడ్డు సంగతి నేను కనిపెట్టలేదు వదినా. నాకంత కన్నులేదు. అన్నయ్యే ఫోను చేశాడు. ప్రతి పరీక్షలోనూ మూడోది కొంచెం కొంచెంగా ఆలస్యమవుతోంది, ఇంకా హద్దులోనే ఉంది కానీ నాకు నచ్చడం లేదు అన్నాడు. రాడ్డు జారే గొట్టం విప్పి చూద్దామని మీ డైరెక్టరు గారిని అడిగాడట. హద్దులో ఉన్నదాని కోసం రియాక్టరు ఆపితే ఆసుపత్రులకి ఏం సమాధానం చెప్పను, పైనుంచి ఆర్డరు వస్తే విప్పుదాం అన్నారట ఆయన. ఆయన మాటా తప్పని కాదు. అందుకని అన్నయ్య నన్ను రమ్మన్నాడు. వచ్చి నీ కళ్లతో చూడు, నీకు సరే అనిపిస్తే వదిలెయ్, అనిపించకపోతే నీ పని నువ్వు చెయ్ అన్నాడు. చూశాను. అనిపించలేదు. తర్వాత గొట్టం విప్పితే ఏం కనిపించిందో నీకే తెలుసు."

తెలుసు. గొట్టం ఒకచోట ఉబ్బి ఉంది. ఇంకొక ఏడాది అలాగే నడిపి ఉంటే రాడ్డు మధ్యలో ఇరుక్కునేది.

"మరి ఉద్యోగం ఎందుకు వదిలేశారు?"

"డైరెక్టరు గారిని దాటుకుని నాకు ఫోను చేశాక, ఏమీ ఎరగనట్టు ఆయన ఎదురుగా కూర్చుని పనిచెయ్యడం వాడివల్ల కాలేదు. నీకెందుకు చెప్పలేదంటావా? నీకు చెప్తే ఊరుకుంటావా వదినా? ఆ మధ్యాహ్నమే నువ్వూ రాజీనామా విసిరికొట్టి వాడి వెనకాలే వచ్చేసేదానివి. 'మేమిద్దరం బయటికొచ్చేస్తే దీన్ని మళ్లీ ఎవరు లేపుతారు చిట్టీ, మీ వదినవల్ల తప్ప ఎవరివల్లా కాదు, దాన్ని మాత్రం కదపకు' అన్నాడు. సరే, నీ కోపం నేను మోస్తాను అన్నాను. రెండు మూడు నెలలనుకున్నాను. రెండేళ్లవుతుందని ఎవరనుకున్నారు?"

పంపు సరిగ్గా కట్టలేదు, చుక్కలు పడుతున్నాయి. చీఫ్ దాన్ని బిగించి కట్టింది. తర్వాత అలాగే గోడవైపు తిరిగి నిలబడింది. రెండేళ్లుగా రాత్రీ పగలూ తను అల్లుకున్న కథంతా పోగులు పోగులుగా విడిపోతుంటే, అందులో తన పోగు ఏదో ఆమెకి వెంటనే దొరకలేదు. ఆయన మౌనం అవమానం కాదు. ఈమె మౌనం పగ కాదు. ఇద్దరూ కలిసి తనని ఈ కుర్చీలో కూర్చోబెట్టడానికి నోళ్లు కుట్టుకున్నారు.

"ఇందాక ఎందుకు చెప్పలేదే?" అంది చివరికి. గొంతులో వేడి తగ్గింది. "ఆపమని ఒక్క మాట అనొచ్చుగా."

"నేను చెప్తే నువ్వు ఆపేదానివి. నేను లేని రోజు ఎవరు చెప్తారు?" ఇన్‌స్పెక్టరు అరచేతులు చూపించింది. తడిగా ఉన్నాయి. "ఆపుతావో లేదోనని నాకు చెమటలు పట్టాయి వదినా. ఆపాక లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ఉద్యోగం గుర్తొచ్చి కూర్చున్నాను."

చీఫ్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెంటినీ పక్కన పెట్టింది. ఎందుకంటే సరిగ్గా ఆ క్షణంలోనే, చెప్పినమాట వినని పిల్లిలా ఒక ఆలోచన ఆమె కాళ్ల మధ్యకి వచ్చి చేరింది.

"చిట్టీ," అంది. ఆ పేరు రెండేళ్ల తర్వాత నోట్లోంచి వచ్చిందని ఆమె గమనించలేదు. అవతలి మనిషి గమనించింది. "మూడో రాడ్డు ఏ పక్క ఉంది?"

"కుడివైపు."

"గీత వంగింది?"

"కుడి కౌంటరుది."

"ఆలస్యంగా పడటానికి కారణాలు రెండు. దారిలో ఏదైనా ఒరుసుకోవాలి. లేదా మిగతావాటికంటే ఎత్తునుంచి పడాలి. ఒరుసుకుంటే పడేటప్పుడు తెలుస్తుంది కానీ, పడకముందే కుడివైపు లెక్క ఎందుకు పెరుగుతుంది? రాడ్డు మనం అనుకున్నదానికంటే పైన ఉంటేనే కదా, అటువైపు న్యూట్రాన్లని మింగేది తగ్గుతుంది?"

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడింది. "తెర మీద ముప్ఫై అని చూపిస్తున్నా..."

"అసలు ముప్ఫైలో లేదేమో."

ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటున్నంత పనిచేస్తూ గదిలోంచి బయటపడ్డారు. మౌని వాళ్లని చూసి కనుబొమలెత్తాడు. చీఫ్ అతనికి చెప్పాల్సింది చెప్పి, స్టీలు టేపు జేబులో వేసుకుని, తొట్టె మీది వంతెన ఎక్కింది. వెనకాలే ఇన్‌స్పెక్టరు. కింద నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఎక్కడో అడుగున, బూడిదరంగు చతురస్రాల నడుమ నిద్రపోతున్న రియాక్టరు. రాడ్లని లేపే నాలుగు యంత్రాలు వంతెన పక్కనే వరసగా బిగించి ఉన్నాయి.

మిగతా మూడు రాడ్లూ అడుగునే ఉన్నాయి కాబట్టి భయం లేదు. మూడోదాన్ని మాత్రం మౌని నెమ్మదిగా లేపాడు. "ముప్ఫై," అని మైకులో వినిపించింది.

చీఫ్ వంగి, రాడ్డు పైకొస కడ్డీకి టేపు ఆనించింది. ఒకసారి చూసింది. నమ్మకం చాలక ఆడపడుచుకి అందించింది. ఇన్‌స్పెక్టరు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని కొలిచింది.

"ముప్ఫై ఆరు," అంది.

ఆ తర్వాత సంగతి విప్పడం ఎంతోసేపు పట్టలేదు. పరీక్షలన్నీ పూర్తయ్యాక, పోయిన వారం మూడో యంత్రంలో ఎత్తు చూపించే పళ్లచక్రం కీచుమంటోందని బయటి కంపెనీ మెకానిక్కులు దాన్ని మార్చారు. పాతదీ కొత్తదీ చూడ్డానికి కవల పిల్లలు. పళ్ల లెక్క మాత్రం వేరు. అడుగున ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందని చూసుకున్నారు, పైకి లేపి చూడలేదు. రాడ్డు ఎంత పైకి పోతే అబద్ధం అంత పెద్దదవుతుంది. అందుకే గీత మొదట బుద్ధిగా నడిచి తర్వాత దారి తప్పింది. ఇంకా పైకి లేపి ఉంటే రియాక్టరు తాము తలపెట్టిన చోట కాక, అది తలపెట్టిన చోట లేచేది.

రాడ్డుకి ఏ జబ్బూ లేదు. గొట్టం నున్నగా ఉంది. రాడ్డు నూనె రాసినట్టు జారుతోంది.

మెట్లెక్కి వచ్చిన డైరెక్టరు ఇదంతా విని వంతెన కమ్మీ పట్టుకున్నారు. "అంటే మనకి తేడా ఎంతో తెలిసిపోయింది. తెర మీది అంకెకి అయిదో వంతు కలుపుకుంటే సరిపోదా? సాయంత్రానికి..." అని, తన మాట తనకే రుచించనట్టు తలాడించారు. "వద్దులెండి. అన్నానని మరిచిపోండి."

"మరిచిపోయాను సార్," అంది చీఫ్.

"పాత చక్రం బిగించాలంటే?"

అక్కడే వచ్చింది చిక్కు. ఆ యంత్రాలు చేసిన కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. దాన్ని కొన్న కంపెనీ నుంచి మనిషి రావాలంటే నెల. పాత చక్రం కీచుమనకుండా, ఎత్తు తప్పు చూపించకుండా బిగించడం తెలిసిన చెయ్యి ఈ ఊళ్లో ఒక్కటే ఉంది. ఆ చెయ్యి ఇప్పుడు మంచినీళ్ల సరఫరా కేంద్రంలో పంపులు బాగుచేస్తోంది.

పాత చీఫ్ పేరు ఎవరూ ఎత్తలేదు. మౌని తొట్టెలోకి చూస్తున్నాడు. డాక్టరు, తనకి అర్థంకానిదేదో జరుగుతోందని అర్థమై, మెట్ల మీదే ఆగిపోయాడు. డైరెక్టరు గారే ముందుకి వచ్చారు.

"ఆయన వస్తారా అమ్మా?" అన్నారు. మేడమ్ అనలేదు. "అప్పుడు నేను ఆయన మాట వినాల్సింది. రెండేళ్ల నుంచీ ఈ మాట చెబుదామనే. మొహం చెల్లలేదు."

ఇన్‌స్పెక్టరు కూడా వదిన వైపు చూసింది. బయటి మనిషిని లోపలికి రానివ్వాలంటే భద్రతా సంస్థ తరఫున తన అనుమతి కావాలి. వదిన అడగకముందే తల ఊపింది.

చీఫ్ వంతెన చివరనున్న ఫోను తీసింది. ఇంటి నుంచి పాలు తెమ్మనడానికో, గ్యాసు అయిపోయిందని చెప్పడానికో ఎన్నోసార్లు నొక్కిన నంబరు. ఇవాళ వేలు ఒకసారి తప్పు నొక్కి, మళ్లీ మొదలుపెట్టింది.

రెండోసారి మోగగానే ఎత్తాడాయన. వెనకాల పంపుల హోరు.

"ఏవండీ, నేను. మూడో రాడ్డు ఎత్తు చూపించే చక్రం మార్చేశారు. పాతది బిగించాలి. మీ చేతి పని." ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "వస్తారా?"

ఎవరో తలుపు మూసినట్టు పంపుల హోరు తగ్గిపోయింది.

"రాడ్డు బాగుందా?" అన్నాడాయన.

"బంగారంలా ఉంది."

పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు. "నువ్వు ఎక్కడ ఆపావు?"

"ముప్ఫైలో."

"నేనైతే ముప్ఫై అయిదు దాకా పోయేవాణ్ణేమో," అన్నాడు. ఆ మాటలో ఉన్నది గర్వమో మురిపెమో, ఏదైనా సరే, రెండేళ్లుగా ఆ ఇంట్లో వినపడనిది. "చెల్లి అక్కడుందా?"

"పక్కనే ఉంది. అంతా చెప్పేసిందండీ. ఫోను సంగతీ, నన్ను కదపొద్దన్న సంగతీ, అన్నీ."

ఫోనులో చిన్న నవ్వు వినిపించింది.

"అన్నీ అంటే," అన్నాడాయన మెల్లగా, "రెండో సంగతి కూడా చెప్పేసిందా?"

చీఫ్ ఫోను చెవి దగ్గరే ఉంచుకుని తల తిప్పింది. వంతెన మీద, టేపు చుట్టుకుంటున్న ఆడపడుచు చేతులు ఆగిపోయాయి. ఆమె మొహం చెవుల దాకా ఎర్రబడింది.

"ఏ రెండో సంగతి?" అంది చీఫ్.